మొద్దు రకం, గాజు రకం

గిడ్డంగి, మెట్ల కింది బల్ల
జూన్ మొదటివారం

వదినకు,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటావు. ఆ మాట వినీ వినీ విసుగొచ్చింది. ముందు ఫోను సంగతి చెప్పు. ఆదివారం పొద్దుట్నుంచీ చేస్తూనే ఉన్నాను. మోగుతుంది, మోగుతుంది, ఆగిపోతుంది. అన్నయ్య ఉన్న రోజుల్లో రెండో మోతకే ఎత్తి "ఏమిటే చిట్టీ, ఏం పని లేదా" అనేదానివి. ఇప్పుడు ఆ తిట్టు కూడా కరువైంది.

నా సంగతి కొత్తగా చెప్పేదేముంది. మన పెన్నుల ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగిలిన సరుకంతా ఈ పాత సామాన్ల వ్యాపారి తూకానికి కొనుక్కున్నాడని చెప్పాను కదా. ఏది ఏ ముక్కో అతనికి తెలియదు. అందుకని నన్ను కూర్చోబెట్టాడు. ఫ్యాక్టరీ నాణ్యత పరీక్షల గదిలో జీతం తీసుకుని మరీ బాల్‌పెన్నులు విరగ్గొట్టినదాన్ని, ఇప్పుడు కూలి తీసుకుని వాటి ముక్కలు ఏరుతున్నాను. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. ఇంటికెళ్ళి కూడా చేసేదేమీ లేదు కనుక మెల్లిగా లేస్తాను.

ఇన్నేళ్ళకి పెట్టెలు విప్పితే ఏవి నిలిచాయో, ఏవి నిలవలేదో నీకు చెప్పాలనిపించింది. ఇత్తడి ముక్కలు నల్లబడ్డాయి గాని చెక్కుచెదరలేదు. తోమితే చాలు. క్రోమ్ పూత వేసిన క్లిప్పులు పొట్టు లేస్తున్నాయి. స్ప్రింగులు సగానికి సగం తుప్పు. రీఫిళ్ళలో సిరా బంకయి కూర్చుంది, వేడినీళ్ళలో పెట్టినా కదలదు. ఇక పెన్నుల పై గొట్టాలు. మనం మొద్దు రకం అనేవాళ్ళమే, ఆ అసిటేట్‌వి, ఒంకర్లు తిరిగి పులిసిన వాసన కొడుతున్నాయి. గాజు రకం, పాలీస్టైరీన్‌వి, నిన్న పోత పోసినట్టున్నాయి. కానీ మర తిప్పే చోట కాస్త గట్టిగా పట్టుకుంటే పుటుక్కుమంటాయి. ఒకటి వంగిపోతుంది, ఒకటి విరిగిపోతుంది. మనిద్దరిలో ఎవరే రకమో నువ్వే తేల్చు.

ఈ పార్సిల్లో తుప్పు లేని స్ప్రింగులు, ఇత్తడి ఉంగరాలు, కొన్ని మొనలు పెట్టాను. ఇవి కొనేదానివి నువ్వొక్కదానివే అని వ్యాపారి నవ్వుతాడు. నవ్వనీ.

ఫోను ఎత్తు.

చిట్టి


కొట్టు, వీధి వైపు గది
జూన్ చివర

చిట్టికి,

పార్సిల్ అందింది. స్ప్రింగులు బాగున్నాయి. నీ చేతిరాత మాత్రం ఇంకా కోడి కెలికినట్టే ఉంది, అది కూడా కాలానికి చెక్కుచెదరని సరుకే.

ఫోను గురించి గోల చెయ్యకు. లైనులో ఎప్పుడూ గరగర. నువ్వొక ముక్క అంటే నాకొక ముక్క చేరుతుంది. ఇద్దరం గొంతులు చించుకోవడం కంటే ఇలా రాసుకుంటే హాయి కదా. ఎలాగూ నెలకో పార్సిల్ పంపుతావు, అందులోనే నాలుగు ముక్కలు రాసి పడెయ్యి.

కొట్టు అలాగే ఉంది. కొత్త పెన్ను చాక్లెట్ ధరకి దొరికే రోజుల్లో పాత పెన్ను పట్టుకుని మెట్లెక్కేవాళ్ళకి ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం చెప్పకుండా వాళ్ళకి ఊపిరాడదు. మొన్న ఒక రిటైరైన నర్సమ్మ వచ్చింది. నీలం నొక్కుడు పెన్ను, మన ఫ్యాక్టరీదే, నేను బిగింపు బల్ల దగ్గరున్న కాలం నాటిది కావచ్చు. గొట్టం మర దగ్గర వెంట్రుకంత పగులు. చాలాసేపు మాట్లాడింది. మంచి మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. రీఫిల్ మార్చి, పగులుకి మందు రాసి పెట్టాను.

పొద్దున చూస్తే గొట్టం పైనుంచి కింద దాకా తెల్లబడిపోయింది. పాల మీగడ పూసినట్టు. చేత్తో పట్టుకుంటే మూడు ముక్కలైంది. నేనేం చెప్పను? "ప్లాస్టిక్‌కి ఆయుష్షు తీరిందమ్మా, నాలుగు దశాబ్దాలంటే మాటలా" అన్నాను. ఆమె ముక్కల్ని చూసింది, నన్ను చూసింది, బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయింది. నీ దగ్గర ఆ నీలం గొట్టం ఉంటే ఒకటి పంపు. ఊరికే ఇస్తాను. ఆమె మొహం గుర్తొస్తే పని సాగడం లేదు.

ఈ మధ్య ఊరికే అలసిపోతున్నాను. ఏం చేశానని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

నీ వదిన


గిడ్డంగి
జూలై

వదినకు,

నీలం గొట్టం ఒకటి దొరికింది. దూదిలో చుట్టి పంపుతున్నాను. మర దగ్గర గట్టిగా బిగించవద్దని ఆమెకి చెప్పు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. గాజు రకం దానంతటది పాలలా తెల్లబడదు వదినా. పరీక్షల గదిలో వాటిని మేడమీద ఎండబెట్టాను, బల్ల మీంచి కింద పడేశాను, వేళ్ళతో వంచాను. ఎండకి పచ్చబడ్డాయి. పడేస్తే పగిలాయి. వయసైతే పెళుసెక్కాయి. ఎంత పాతదైనా రాత్రికి రాత్రి తెల్లబడ్డదాన్ని నేను చూడలేదు. ఆ ముక్కలు పారేయకుండా ఉంటే నాకు పంపు.

మందు రాసే ముందు బల్లమీద వేసి ఏ రకమో చూశావు కదా? అడగడానికే సిగ్గుగా ఉంది. ఆ పద్ధతి నాకు నేర్పిందే నువ్వు.

తిడతావని తెలుసు. తిట్టు.

చిట్టి


కొట్టు
జూలై చివర

చిట్టికి,

తిట్టమన్నావు కనుక తిడుతున్నాను. పళ్ళూడే వయసులో నాకు పని నేర్పడానికి బయల్దేరావా? బల్లమీద వేశాను. మామూలుగానే వేశాను. మొద్దు రకమే. ముక్కలు పంపుతున్నాను, నీ కళ్ళతో నువ్వే చూసుకో.

అదొక్కటే కాదు. నెల తిరక్కుండా ఇంకో రెండు అలాగే తెల్లబడ్డాయి. ఒకటి బడి మాస్టారిది, ఒకటి టైలరుది. ఇద్దరికీ అదే చెప్పాను. సరుకే అలాంటిది, ఒకే ఏడు పోత పోసినవి ఒకేసారి పోతున్నాయి. మనుషులు పోవడం లేదూ.

మనుషులంటే గుర్తొచ్చింది. ఈ మధ్య ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. అన్నీ పెదాల చివర నములుతారు. మళ్ళీ చెప్పమంటే విసుక్కుంటారు. పోనీలే, నాకు ప్రశాంతంగానే ఉంది. గోడ అవతల వడ్రంగి కోత మిషను ఆపేసినట్టున్నాడు, ఆ రొద లేదు. ఏళ్ళ తరబడి తలనొప్పి పెట్టిన మనిషి, ఇప్పుడు పని దొరకడం లేదు కాబోలు పాపం.

నర్సమ్మకి నీ గొట్టం ఇంకా ఇవ్వలేదు. ఆమె మళ్ళీ రాలేదు. ఇల్లు రెండు వీధుల అవతలే. వెళ్ళాలి, వెళ్ళబుద్ధి కావడం లేదు.

వదిన


గిడ్డంగి, మెట్ల కింది బల్ల
ఆగస్టు

వదినకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది చించను.

వడ్రంగికి ఫోను చేశాను. నువ్వు ఎత్తవు కనుక అతని నంబరు సంపాదించాను. "ఉండండమ్మా, మిషను ఆపి వస్తాను" అని అరిచాడు. ఆపేదాకా నాకు ఇంకొక్క ముక్క వినపడలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోస్తూనే ఉంటాడట. నువ్వు బాగానే ఉన్నావా అని అడిగితే, "ఉన్నారండీ, పలకరిస్తే నవ్వుతారు" అన్నాడు.

ముక్కలు చూశాను. అది గాజు రకం వదినా. మూడో తరగతి చదివే పిల్లకి ఇచ్చినా బల్లమీద వేసి చెప్తుంది. గాజు రకం టింగుమంటుంది, మొద్దు రకం టప్పుమంటుంది. పెట్టెల్లో మగ్గిన సరుకు సంగతి వేరు, వాడుకలో ఉన్నవి కంటికి రెండూ ఒకటే, చేతికి రెండూ ఒకటే, చెవికే తేడా తెలుస్తుంది. మొద్దు రకానికి మన మందు, ఆ అసిటోన్, రాస్తే అంచులు మెత్తబడి ఒకటైపోతాయి. అదే గాజు రకానికి తగిలితే నిలువెల్లా తెల్లగా పగులుతుంది. నువ్వు వేసి ఉంటావు, అబద్ధం చెప్పలేదు. టింగు నీకు వినపడలేదు. వినపడని టింగు టప్పులాగే ఉంటుంది. అందుకే నీ చేతికి వచ్చిన ప్రతి పెన్నూ మొద్దు రకమే అవుతోంది.

ఎన్నాళ్ళనుంచి? ఎవరికి చెప్పావు? నాకెందుకు చెప్పలేదు?

కోపంగా ఉంది. నీమీద ఎంతో నామీదా అంతే. నీ జూన్ ఉత్తరం చదివిన రోజే నాకు నీ చెవుల మీద అనుమానం వచ్చింది. అడగలేదు. ఎందుకో తెలుసా? నువ్వు కొట్టు మూసేస్తే ఈ ముక్కలు కొనేవాళ్ళు లేరు. వ్యాపారి మరుసటి రోజే నన్ను ఇంటికి పొమ్మంటాడు. ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. నా కూలి కోసం నీ చెవుల సంగతి నోరెత్తకుండా నెల గడిపాను. ఇలాంటి ఆడపడుచు ఉంటే వేరే శత్రువులెందుకు.

పనికి దారుంది, విను. గ్లాసు నీళ్ళలో ఇక కరగనంత ఉప్పు కలుపు. లోహపు ముక్కలన్నీ తీసేసి, గొట్టంలో గాలి లేకుండా ముంచి వదులు. గాజు రకం పైకి తేలుతుంది, మొద్దు రకం అడుగున కూర్చుంటుంది. ఫ్యాక్టరీలో కొత్త సరుకు వచ్చినప్పుడు అలా చూసేవాళ్ళం. చెవితో పని లేదు.

కానీ పనికి దారి దొరికినంత మాత్రాన సరిపోదు. ఆ ముగ్గురికీ ప్లాస్టిక్ పోయిందని చెప్పావు. ప్లాస్టిక్ పోలేదు. మాస్టారు సంగతి, టైలరు సంగతి నాకు తెలియదు గాని, ఆ నర్సమ్మ వస్తువు అక్కడే వదిలేసి వెళ్ళిందని రాశావు చూడు, అది నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆమెకి నిజం చెప్పు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. నేను వస్తానంటే రానిస్తావా?

చిట్టి


కొట్టు
ఆగస్టు చివర

చిట్టికి,

పార్సిల్ అందింది. ఉన్న స్ప్రింగులు చాలు. ఇక పంపనక్కర్లేదు.

వడ్రంగికి ఫోన్లు చెయ్యకు. అతను వచ్చి తలుపు దగ్గర నిలబడి, చేతులు తిప్పుతూ నాతో మాట్లాడాడు. వీధంతా చూసింది.

నేను బాగున్నాను.

వదిన


గిడ్డంగి
సెప్టెంబరు

వదినకు,

పంపొద్దన్నావు. పంపుతున్నాను. ఇవి క్లిప్పులు, క్రోమ్ లేవనివి. పెట్టెలన్నిటిలో వెతికితే గుప్పెడు దొరికాయి. డబ్బు వద్దు, తిప్పి పంపితే తపాలా ఖర్చు నీదే.

వడ్రంగి విషయంలో తప్పు నాదే. నీకు చెప్పి చెయ్యాల్సింది.

వచ్చే వారం కూడా పంపుతాను. ఆ పైవారం కూడా. ఏమీ దొరక్కపోతే ఒట్టి పెట్టె పంపుతాను.

చిట్టి


కొట్టు, వీధి వైపు గది
అక్టోబరు

చిట్టికి,

నీ ఒట్టి పెట్టె నిజంగానే వచ్చింది. తపాలా అతను ఊపి చూసి, అనుమానంగా నా చేతికిచ్చాడు. ఇంతకంటే సిగ్గుమాలిన ఆడపడుచు ఎవరికీ ఉండదు. అది విప్పి, లోపల ఏమీ లేదని చూసి, కాసేపు ఏడ్చాను. తర్వాత కాగితం తీసుకున్నాను.

కొట్టు తలుపుకి ఒక అట్ట కట్టాను. "నాకు వినపడదు. దయచేసి రాసి చెప్పండి" అని పెద్ద అక్షరాల్లో రాశాను. అది చదివిన మొదటి మనిషి నా చెవి దగ్గరికొచ్చి మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. పెన్నూ కాగితం చేతికిచ్చాను. ఇస్తే ఏం చేశాడనుకున్నావు? పెన్నుల కొట్టు కదా, పెన్ను బాగా నడుస్తోందో లేదో అని ముందు సున్నాలు చుట్టాడు. కాగితం నిండాక ఇంకో కాగితం అడిగాడు. అందరూ అంతే చేస్తున్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. చెవి మిషను పెట్టుకోవచ్చట, కొంత వినపడుతుందట, పాత రోజుల్లా రాదట. చూద్దాం. రెండేళ్ళనుంచి మెల్లిగా పోతూ వచ్చింది. ముందు తలుపు గంట, తర్వాత ఫోను, తర్వాత మనుషులు. ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే భయం, ఇంకేం లేదు. వినపడని ముసలిదాని చేతికి తమ వస్తువు ఎవరిస్తారు? ఈ బల్ల పోతే నాకు పొద్దున లేవడానికి ఒక్క కారణం లేదు. అందుకని వినపడినట్టే ఉండటం నేర్చుకున్నాను. అది ఎంత చాకిరీ అనుకున్నావు. ఎదుటివాళ్ళ కళ్ళు చూడాలి, కనుబొమలు చూడాలి, ఎక్కడ నవ్వాలో ఊహించాలి, ఎక్కడ అయ్యో అనాలో ఊహించాలి. సాయంత్రానికి ఒళ్ళంతా పచ్చి పుండయ్యేది. ఊరికే అలసిపోతున్నానని నీకు రాసింది దాని గురించే.

నీ ఉప్పునీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టాను. పని చేస్తోంది. మాస్టారుకీ టైలరుకీ చెప్పేశాను. మాస్టారు నవ్వి వదిలేశాడు. టైలరు మొహం చిట్లించి, ఇక రానన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. సరే.

నర్సమ్మ దగ్గరికి వెళ్ళడానికి మాత్రం నెల పట్టింది. నువ్వు పంపిన నీలం గొట్టం, ఆ తెల్లబడ్డ ముక్కల్లో నీకు పంపగా నా దగ్గర మిగిలినది, రెండూ రుమాల్లో కట్టుకుని వెళ్ళాను. ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది. ముందు గదిలో కుర్చీ వేసింది. దారిపొడుగునా అనుకుంటూ వెళ్ళిన మాటలు ఒక్క గుక్కలో చెప్పాను. "మీ పెన్ను ఆయుష్షు తీరి పోలేదమ్మా. అది ఇంకా చాలాకాలం ఉండేది. నాకు చెవులు వినపడవు. అందుకని తప్పు మందు రాశాను. ప్లాస్టిక్ మీద నెట్టేశాను" అన్నాను.

ఆమె ఏదో అంది. నేను తల అడ్డంగా ఊపి, వినపడలేదన్నాను. ఎదుటి మనిషి మాటకి తల ఊపెయ్యకుండా, వినపడలేదని ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆమె లేచి, మందుల చీటీ ఒకటి వెనక్కి తిప్పి, నిలబడే రాసింది. నాకు తెచ్చి ఇచ్చింది.

"పగులు అతికించమని నేను అడగలేదు. రీఫిల్ ఒక్కటే మార్చమన్నాను. గొట్టం ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాను. చివర ఉన్నవి మా అబ్బాయి పంటిగాట్లు. పరీక్షలకి చదువుతూ కొరికేవాడు. అవి తప్ప వాడివి ఏమీ మిగల్లేదు. మీరు సరే సరే అని తల ఊపారు."

చిట్టీ, ఆ గాట్లు నేను చూశాను. ఎవరో చెరకు నమిలినట్టు నమిలారనుకున్నాను. మందు రాయకముందే ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేశాను. ఎవరి పెన్నుకైనా అలాగే చేస్తాను, బాగు చేయడమంటే అదే కదా అనుకునేదాన్ని. తెల్లబడకపోయినా, మందు సరైనదే రాసినా, నేను ఆమెకి ఇచ్చేది ఆ నున్నటి గొట్టమే. నీ ఉప్పునీళ్ళు ఆ తప్పుని ఆపేవి కావు.

చేతులు జోడించాను. ఆమె నా చేతులు కిందికి దించి, చీటీ మళ్ళీ తీసుకుని, కింద ఖాళీలో ఇంకొక్క వాక్యం రాసింది. కోపంగా రాసినట్టు లేదు, రోగికి మందు వేళలు రాసినట్టు నిదానంగా, విడివిడిగా రాసింది.

"వినపడదని ఆ రోజే చెప్పి ఉంటే, రాసి ఇచ్చేదాన్ని కదమ్మా."

నీ వదిన